ఎక్కడెక్కడ ఆగుతారండీ

ఆటోనగర్‌లో బ్రేకు సామాన్లు అమ్మే ఆయన, బండి ఎంత స్పీడు పోతుందని ఎవరినీ అడిగేవారు కాదు. "రోజూ ఎక్కడెక్కడ ఆగుతారండీ?" అని మాత్రమే అడిగేవారు.

నా స్పోర్ట్స్ కారుకు రేసుల్లో వాడే బ్రేక్ ప్యాడ్లు కావాలని వెళ్ళాను. ఆయన నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాలి కింద బ్రేకుకు బదులు ఇటుక పెట్టి, ఇంటి నుంచి ఆఫీసు దాకా నడపమన్నారు. కొట్లో అందరూ చూస్తుండగా గుణదల నుంచి మంగళగిరికి కుర్చీలోనే బయల్దేరాను. ఎదురుగా ఆయనే కాసేపు ఆటో అయ్యారు, కాసేపు గేదె అయ్యారు. అడ్డొచ్చినప్పుడల్లా ఇటుక తొక్కాను. కృష్ణ మీద వారధి దాటేసరికి నాకు చెమటలు పట్టాయి.

"మీరు వేడెక్కారు గానీ, ఇలా ఆగుతూ పోతే ఆ రేసు ప్యాడ్లు వేడెక్కవండీ. వేడెక్కితే గానీ అవి సరిగ్గా పట్టవు. మామూలువి తీసుకోండి," అన్నారు.

చిన్నబోయి మామూలువే వేయించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ మలుపులో ఒక మనిషి నా కారుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. కారు అతని మోకాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. చూస్తే ఆయనే. నా మొహం చూడకుండా వంగి చక్రం వైపు చూసి, తృప్తిగా తలాడించారు.

"నేను ఆ రేసువే వేయించుకుని ఉంటే ఏమైపోయేవారండీ?" అన్నాను.

"అవి వేయించుకున్నవాళ్ళకి నేను అడ్డం రానండీ," అని రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

ఎక్కడెక్కడ ఆగుతారని ఇప్పుడెవరైనా అడిగితే ముందు ఆ మలుపే చెబుతాను. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే.