ప్రవరలో మూడో పేరు

నేను అసూయపడే పెద్దమనిషి పోయి ఎన్నేళ్ళయిందో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. మా ఆవిడకి ఆయన ముత్తాతగారు. మా హాల్లో తూర్పు గోడ మీద తలపాగా చుట్టుకుని, వెండి పొన్ను కర్ర పట్టుకుని, నేను కాఫీ తాగుతున్నంతసేపూ నాకేసే చూస్తూ ఉంటారు. మా హాలు అన్నాను గానీ అది నోటి అలవాటు. హాలూ వాళ్ళదే, గోడా వాళ్ళదే. నేను ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి. ముప్ఫై రెండేళ్ళ కిందట ఒక రేకు పెట్టెతో కొత్తపేట దగ్గర ఈ ఊళ్ళో బస్సు దిగేను. ఇంట్లోకి వచ్చేను గానీ గోడ ఎక్కలేకపోయేను.

ఆ గోడ మీద తలపాగా తాతగారి పక్కన వరసగా ఇంకో నలుగురున్నారు. మావాళ్ళది ఒక్క పటం లేదు. మాది కపిలేశ్వరపురం అవతల ఒక లంక. నా చిన్నతనంలోనే గట్టు కోసుకుపోయి ఇల్లూ, ఇంట్లో పెట్టెలూ, ఆ పెట్టెల్లో ఎవరి పటాలన్నా ఉంటే అవీ గోదాట్లో కలిసేయి. తరవాత కొన్నాళ్ళకే నాన్న పోయేరు. రాజమండ్రిలో ఉన్న మా అన్నయ్యా నేనూ మిగిలేం. ఊళ్ళోవాళ్ళు నన్ను ఇప్పటికీ మా ఆవిడ ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఫలానా వారి అల్లుడుగారు అని. ఇంటిపేరంటే ఉన్న ఇంటిని బట్టి వచ్చేదే కదా అని సర్దుకుపోయేను. సర్దుకుపోయేనని అందరూ అనుకున్నారు, అదే నిజమైపోయింది.

మొన్న మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. లగ్నపత్రిక రాయడానికి పంతులుగారు వచ్చేరు. పిల్లవాడి వైపు పేర్లు రాసుకుని, నాకేసి తిరిగి, "మీ నాన్నగారు, తాతగారు, ముత్తాతగారు. మూడు పేర్లు చెప్పండి బాబూ. కన్యాదానం చేసేది మీరు కాబట్టి ప్రవరలో మీ వంశమే చెప్పాలండి," అన్నారు.

మా వంశమే చెప్పాలి! ఆ మాట విన్నాక నా నడుం దానంతటదే నిటారుగా అయింది. నాన్న పేరు చెప్పేను. తాత పేరు చెప్పేను. మూడో పేరు దగ్గర నోరు తెరిచి, అలాగే ఉండిపోయేను. అన్నయ్యకి ఫోన్ చేస్తే, "నువ్వేదో చెబుతావనుకున్నాన్రా," అన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు సాయానికొచ్చేరు. ఆవిడకి ఎనభై దాటేయి, చెవులు మాత్రం పాతికేళ్ళవి. "దానికేముందండీ అల్లుడుగారూ, మా వారి తాతగారి పేరు చెప్పేయండి. పందిట్లో సన్నాయి గోలలో ఎవరికి వినిపిస్తుంది?"

మా వారి తాతగారు అంటే ఎవరో కాదు, తలపాగాయే. గోడ ఇచ్చేను. పడక్కుర్చీ ఇచ్చేను, అది ఆయన కుర్చీ అని నేనెప్పుడూ కూర్చోలేదు. ఇన్నేళ్ళకి మావాళ్ళు నిలబడ్డానికి జానెడు చోటు దొరికితే అక్కడికి కూడా కర్ర పట్టుకుని వస్తారా ఈయన? "అలా కుదరదండీ," అన్నాను. గొంతు కొంచెం లేచినట్టుంది, మా ఆవిడ నాకేసి చూసింది.

పంతులుగారు పరిస్థితి అర్థం చేసుకున్నారు. "తెలియకపోతే నారాయణ నామం చెప్పి దాటించేస్తానండి. చాలామందికి అలాగే చేస్తాం. అయినా ముహూర్తానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది, ఈలోపు కనుక్కోండి," అని లేచేరు.

పుట్టి, పెరిగి, లంక దున్ని, పిల్లల్ని కన్న మనిషిని నారాయణ నామం కింద దాటించేయడం నాకు నచ్చలేదు. పైగా, పక్కన తలపాగా తాతగారు చూస్తూ ఉంటారు.

మా అమ్మాయి తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. పాత రికార్డులన్నీ ఫోటోలు తీసి పెట్టే సైట్లున్నాయట. జనాభా లెక్కలు, ఓడల్లో వెళ్ళినవాళ్ళ జాబితాలు, రిజిస్ట్రేషను పుస్తకాలు, ఏవైనా. "ఇంటిపేరు కొట్టండి నాన్నగారూ, అదే వెతుకుతుంది."

నేను తపాలా శాఖలో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు గళ్ళల్లో వేసినవాణ్ణి. చిరునామాలో ఇంటిపేరుని ఎంత ఖూనీ చేసినా, శవాన్ని చూసి మనిషిని గుర్తుపట్టి ఇంటికి చేర్చేవాణ్ణి. అలాంటిది నా ఇంటిపేరు కొడితే 'ఫలితాలు లేవు' అని వచ్చింది. మా ఇంటిపేరు తెలుగులో మూడక్షరాలు. ఇంగ్లీషులోకి దిగితే దాని సంసారం పెద్దది. మా హెడ్మాస్టరుగారు నా సర్టిఫికెట్లో రెండు 'ఏ'లు వేసేరు. అన్నయ్యకి ఒకటే ఇచ్చేరు, పెద్దవాడనే గౌరవం కూడా లేకుండా. నా ఓటరు కార్డులో మధ్యలో ఒక 'హెచ్' వచ్చి కూర్చుంది. చివర 'ఐ' కావచ్చు, 'వై' కావచ్చు, 'ఈ'లు రెండు కావచ్చు. శుభలేఖల నమూనా ఒకటి తిరగేసి వెనకవైపు జాబితా రాసుకున్నాను. పదకొండు రకాలు తేలేయి. ఒక్క ఇంటిపేరుకి పదకొండు ఇళ్ళు, ఏ ఇంట్లోనూ మావాళ్ళు లేరు.

ఏడో రకంతో మాత్రం ఎక్కడో సముద్రాల అవతల చెరుకు తోటల దేశంలో ఉన్న ఒకాయన దొరికేరు. ఏడు తరాల వంశవృక్షం, కొమ్మకొమ్మకీ ఫోటో. నాకు కడుపు మండింది గానీ, ఆశ కూడా పుట్టింది. మా అమ్మాయి చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించేను. ఆయన మర్నాడే జవాబు రాసేరు: మావాళ్ళు విశాఖ వైపు నించి వచ్చేరు, మీరూ మేమూ ఒకటి కాదు, మీ వెతుకులాట ఫలించాలి. ఎంత మర్యాదగా రాసేరంటే, తిట్టుకోడానిక్కూడా సందు లేకపోయింది.

ఈ గొడవ చూస్తూ గుమ్మడి వడియాలు పెడుతున్న మా ఆవిడ, చేతులు కడుక్కుని వచ్చి, "ఏదీ, ఒకసారి మాది కొట్టండి," అంది.

"మీది దేనికి?"

"ఊరికేనండీ. సరదాకి."

కొట్టేను. మీట నొక్కి వేలు తీసేలోగా తలపాగా తాతగారు ప్రత్యక్షం. ఏదో పాత పుస్తకంలో బడికి స్థలం ఇచ్చిన దాతల జాబితాలో మొదటి వరసలో ఉన్నారు, స్పెల్లింగు ఒక్క అక్షరం తేడా లేకుండా. వాళ్ళ ఇంటిపేరు అలాంటిది, తప్పు రాద్దామన్నా వీలుపడదు. "అబ్బ, వచ్చేశారు!" అని మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను ల్యాప్‌టాప్ మూసేసి ఛార్జింగు అయిపోయిందన్నాను. వైరు గోడకి పెట్టే ఉంది.

తొమ్మిది రోజులు గడిచేయి. పంతులుగారు రెండుసార్లు ఫోన్ చేసేరు. మా అమ్మాయి, "నాన్నగారూ, మీవాళ్ళ పేరుతో దొరకట్లేదు కదా, అమ్మ వాళ్ళ పేరు మీద ఉన్న కాగితాలన్నీ ఒకసారి చూడండి. చుట్టుపక్కల ఊళ్ళేగా, ఎక్కడన్నా కలుస్తారేమో," అంది.

"వాళ్ళతో మనకేం పనమ్మా?"

"మనకా? నేను సగం వాళ్ళ పిల్లనేగా నాన్నగారూ," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు రెండు రోజులు నన్ను తిననివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళు జాకెట్ల కోసం అమలాపురం వెళ్ళేరు, అత్తగారు నడుం వాల్చేరు. దొంగతనానికి కూర్చున్నట్టు కూర్చుని, మా ఆవిడ ఇంటిపేరు కొట్టేను. రిజిస్ట్రేషను సూచికలో పధ్నాలుగు కాగితాలు ఆయన పేరు మీద ఉన్నాయి. కొన్నవీ, ఇచ్చినవీ, రాయించుకున్నవీ. ఒక్కొక్కటే చూస్తుంటే ఆయన తలపాగా ఇంకో చుట్టు చుట్టుకుంటున్నట్టే ఉంది. తొమ్మిదోది కౌలు కబూలియతు. అంటే, భూమి కౌలుకి తీసుకున్న రైతు ఆసామీకి రాసిచ్చే కాగితం. భూమి ఉన్న ఊరు మా లంక. రాసిచ్చినవారి గడిలో మా ఇంటిపేరు నా పదకొండు రకాల్లో లేని పన్నెండో రకంలో ఉంది. దాని పక్కన మనిషి పేరుకి ఒక అక్షరం, ఒక చుక్క. అంతే.

అత్తగారు లేచేదాకా ఆగలేకపోయేను. తలుపు దగ్గర నిలబడి దగ్గేను. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఏం కావాలండీ?" అన్నారు.

"లంక భూమి కౌలు కాగితం ఒకటి, పాతది. మీ వారి తాతగారి కాలందండి. ఉందేమోనని..."

"ఆయ్, ఉంటుందండి. భోషాణంలో అడుగున ఎర్ర గుడ్డ మూట. ఆ కాగితాలు చీడ తినకుండా ఏటా ఎండలో పెడుతూనే ఉన్నాను కదా, మీరు చూళ్ళేదూ?"

చూసేను. ముప్ఫై రెండేళ్ళుగా ప్రతి వేసవిలోనూ చూసేను. పెరట్లో నవారు మంచం మీద ఆ కాగితాలు పరిస్తే, వాళ్ళ ఆస్తి ఎండపెట్టుకుంటున్నారని మొహం తిప్పుకుని వెళ్ళేవాణ్ణి.

"మా ముత్తాత పేరు కోసం ఇన్నాళ్ళుగా కొట్టుకుంటున్నాను కదండీ, ఇందులో ఉంటుందని ఒక్కసారి చెప్పకపోయేరా?"

అప్పుడు కళ్ళు తెరిచేరు. "మీరు మీవాళ్ళ కాగితాలు అడిగేరు అల్లుడుగారూ. మావాళ్ళవి ఎప్పుడు అడిగేరు?"

వెళ్ళి భోషాణం తెరిచేను. మూట విప్పేను. కాగితం మడతల దగ్గర పొడిపొడిగా రాలుతోంది. మొదట్లోనే 'మహారాజశ్రీ' అని తలపాగా తాతగారు దిగేరు, పేరు చివర గారు. ఆ కింద 'లంక కాపురస్తుడు' అని మా ముత్తాత. పేరు ఉంది! పూర్తి పేరు, తెలుగులో, ఏ అనుమానమూ లేకుండా. నేనూ, నా మైనరు కొడుకూ అని ఇంకో చోట ఉంది. ఆ కొడుకు పేరు మా తాతదే. దొరికేరు మావాళ్ళు, దొరకడం మాత్రం ఆయన కాగితంలోనే దొరికేరు. ముత్తాత కూడా నాలాగే వాళ్ళ పెట్టెలోకి ఇల్లరికం వచ్చినట్టున్నారు.

ముత్తాత పేరు చివర 'గాడు' అని ఉంది. ఆయనకి గారు, ఈయనకి గాడు. అడుగున ఒక పక్క తీగలు సాగిన సంతకం, ఇంకో పక్క నల్లటి వేలిముద్ర. నా బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకున్నాను. సిరా అలికేసినట్టుంది, పోలిక ఏం తెలుస్తుంది. కానీ ఆ వేలు బలంగా నొక్కేరు. కాగితం వెనక్కి తిప్పితే ఇంకా గుంట తగులుతోంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి చదివింది. మొహం పక్కకి తిప్పుకుని నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. "అయితే మీరు మాకు పాత కౌలు కాపేనన్నమాట!"

"నవ్వు. బాగా నవ్వు. మీవాళ్ళు రాయించుకున్నదేగా."

"అదేంటండీ, ఇన్ని రోజులు వెతికి దొరికితే సంతోషించరేం?"

సంతోషంగానే ఉంది. ఒక పేరు దొరికినందుకు ఉన్నంత సంతోషం ఉంది, ఎవరి పెట్టెలో దొరికిందన్న మంటా అంతే ఉంది. ఆ రెండూ కలిపి ఏమంటారో తెలీక, "కాఫీ ఇవ్వు," అన్నాను.

మర్నాడు పంతులుగారి ఇంటికి వెళ్ళేను. కాగితం చూపించలేదు, పేరు మాత్రం చెప్పేను. చివరి ముక్క చెప్పడానికి నోరు రాక, అది కూడా చెప్పకపోతే మనిషిని సగం చేసినట్టవుతుందని చెప్పేశాను. ఆయన రాసుకుంటూ తలెత్తకుండానే, "సంస్కృతంలో గాడులు ఉండరండి. అందరికీ ఒకటే విభక్తి," అన్నారు. దారిలో సైకిలు ఆపి, ఎవరూ లేకుండా చూసి, ఆ పేరు పైకి అనుకున్నాను. పక్కనే కాలవలో బాతులు తప్ప ఎవరూ వినలేదు.

పెళ్ళి రోజున పందిట్లో పీటల మీద కూర్చున్నాం. మా ఆవిడ చేతిలో నీళ్ళ చెంబు, నా చేతుల్లో మా అమ్మాయి చెయ్యి. ప్రవర మూడుసార్లు చెబుతారు. మొదటిసారి అత్తగారన్నట్టే సన్నాయి గోలలో ఏమీ వినపడలేదు. రెండోసారి పంతులుగారు చెయ్యెత్తి సన్నాయి ఆపించేరు. ముందు ముత్తాత, తరవాత తాత, ఆ తరవాత నాన్న. ఒక్కొక్క పేరూ మైకులోంచి పందిరి దాటి, వీధి దాటి, కొబ్బరితోటలోకి వెళ్ళింది. గారూ లేదు, గాడూ లేదు. లంక మట్టిలో మోకాళ్ళ దాకా దిగబడ్డ మనిషి పేరు నాలుగొందలమంది విన్నారు. 

మూడోసారి మొదలవబోతుంటే మా ఆవిడ నా వైపు వంగి, చెవిలో, "ఏవండీ, మావాళ్ళ పేరు ఒక్కటీ రాదేంటండీ?" అంది.

"రాదు. కన్యాదానంలో తండ్రి వైపే చెబుతారు."

"మా ముత్తాతగారిది కూడానా?"

"ఆయ్. కూడా."

"నేను కన్నాను కదండీ దాన్ని," అంది. పెళ్ళి కూతురి తల్లి ఏడుస్తోందని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకుని ఉంటారు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ముప్ఫై రెండేళ్ళు అది నాలోనే ఉంది, ఇవాళ ఆవిడ నోట్లోంచి వచ్చింది. అప్పుడే పంతులుగారిని ఆపి, వాళ్ళవీ రెండు పేర్లు చెప్పండి అని అడగాల్సింది. నేను మంచివాణ్ణయితే అడిగేవాణ్ణే.

పంతులుగారు మూడోసారి మొదలుపెట్టేరు. నేను ముత్తాత పేరు దగ్గర కళ్ళు మూసుకుని, ఒక్క అక్షరం కూడా పోకుండా విన్నాను. తరవాత కళ్ళు తెరిచి, మా ఆవిడ చేతి కింద నా చెయ్యి ఒకటి పెట్టి, చెంబు ఒంచడానికి సాయం పట్టేను.