మస్తూరా ఆపా ఇరవైమూడు

మర్గిలాన్ అనే ఊళ్ళో లెక్కల టీచరు మస్తూరాకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ప్రధాన సంఖ్య కానిదేదీ ఆమె దరిదాపుల్లోకి రాకూడదు. టీ తాగితే మూడు గిన్నెలు, కాకపోతే ఐదు. బడి మెట్లు పన్నెండైతే ఆఖరిది దూకేసి పదకొండే ఎక్కుతుంది, అదీ యాభై మూడేళ్ళ వయసులో. నిరుడు వయసెంతని అడిగితే మాత్రం జవాబు చెప్పలేదు.

ఊరందరికీ ఆమె ఆపా, అంటే అక్క. పక్క గదిలో దోయిరా డప్పు నేర్పే ఖోల్దార్‌కి కూడా అంతే. ఒకసారి ఆరుగురు టీచర్లకి ఏడు సమ్సాలు, అంటే కూరిన రొట్టెలు, కొన్నదని అతను అడ్డుపడ్డాడు.

"ఆరు చాలు కదా ఆపా?"

"ఆరుకి వెన్నెముక లేదు. రెండు వచ్చి అడిగినా ముక్కలవుతుంది, మూడు వచ్చి అడిగినా ముక్కలవుతుంది. ఏడుని ఎవడు విడగొడతాడో రమ్మను!"

"మరి ఏడోది ఎవరు తింటారు?"

"నేనే. పోట్లాడేవాళ్ళకి ఆకలెక్కువ."

పాఠం చెప్పాలంటే ఖోల్దార్‌ని డప్పుతో సహా లాక్కుపోయేది. కొందరు పిల్లలు ఐదు దెబ్బలకోసారి, మిగతావాళ్ళు ఏడు దెబ్బలకోసారి చప్పట్లు కొట్టాలి. రెండూ కలిసేది ముప్పై ఐదో దెబ్బ మీదే. అక్కడికి చేరేసరికి గోడల సున్నం రాలేది.

ఆ వసంతంలో జిల్లా విద్యాశాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి తరగతినీ సమాన గుంపులుగా విడదీయాలి. చదువు రాని గుంపుని మధ్యాహ్నం బడికి పంపాలి. అక్కడ లెక్కల టీచరే లేడు. అధికారి మస్తూరా తరగతికి వచ్చి హాజరు పట్టీ తెరిచాడు.

"ఇరవైమూడా? సమానంగా రావట్లేదే!"

"రాదు. కాగితం ఇస్తాను, మీకు తోచినట్టు ప్రయత్నించండి."

అధికారి రెండుతో మొదలుపెట్టి ఏడు దాకా భాగించి చెమట తుడుచుకున్నాడు. "అయితే ఒక పేరు కొట్టేద్దాం. ఇరవై రెండు, చెరి పదకొండు." కలం ఆయ్‌దిన్ అనే పిల్ల పేరు మీద ఆగింది. ఆ పిల్లకి నత్తి. రెండు బళ్ళు చేర్చుకోం పొమ్మన్నాయి.

మస్తూరా ఆ పేరు మీద అరచెయ్యి పెట్టేసింది. "ముందు నా పేరు కొట్టెయ్యండి."

"ఉద్యోగం పోతుంది, ఆలోచించుకో."

"పోనివ్వండి. ఈ పిల్లకి లెక్క రాదని తేల్చి అప్పుడు పేరు కొట్టెయ్యండి."

అధికారికి పౌరుషం వచ్చింది. "ఏడు దెబ్బలకోసారి ఒకటి, పదకొండు దెబ్బలకోసారి ఒకటి మోగితే, రెండూ ఎప్పుడు కలుస్తాయి?"

"డె... డె..." ఆయ్‌దిన్ మాట అక్కడే చిక్కుకుంది. గుమ్మంలోంచి చూస్తున్న ఖోల్దార్ ఆగలేక డప్పు తీసుకెళ్ళి ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆ పిల్ల కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఏడుకోసారి డప్పు నడుమ గట్టి దెబ్బ, పదకొండుకోసారి అంచు మీద టక్కు. అధికారి వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. చివరికి నడుమా అంచూ ఒక్కసారే మోగించి, డప్పు దించేసింది.

"డెబ్భై ఏడు!" అధికారే అరిచేశాడు. తర్వాత సిగ్గుపడి, 'విడదీయుట సాధ్యం కాదు' అని రాసి వెళ్ళిపోయాడు.

అనుమానం వచ్చి ఖోల్దార్ పాత పట్టీలన్నీ తిరగేశాడు. పంతొమ్మిది, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి. ప్రతి పట్టీ చివరా ఆలస్యంగా చేరిన పేర్లే. అందరూ ఎక్కడో ఒకచోట వద్దనిపించుకున్న పిల్లలు.

"ఆపా, ఇన్నేళ్ళూ నీకు పిచ్చి అనుకున్నాను!"

"పిచ్చే. దాన్ని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని పనిలో పెట్టాను."

అంతలో ఒకావిడ గుమ్మంలో నిలబడింది. పక్కన సరిగ్గా వినపడని కూతురు. "నాలుగు బళ్ళు తిరిగామమ్మా."

ఖోల్దార్ మస్తూరా చెవిలో గొణిగాడు. "ఇరవై నాలుగు, ఆపా. ఎవడడిగినా ముక్కలవుతుంది."

మస్తూరా అప్పటికే పేరు రాసేసింది. తలెత్తి కళ్ళెర్రజేసింది.

"చూస్తూ నిలబడ్డావేం? ఊళ్ళోకి పరిగెత్తు. బడి మూసేలోగా ఇంకో ఐదుగురిని పట్టుకురా!"