మాటల మిషన్ ముందు మా తెలుగు టీచరమ్మ

మొన్న బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటుంటే మా వార్డు ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది. "సిస్టర్, సుబేదారిల ఉండే మీ తెలుగు టీచరమ్మ పోయిందట. పొద్దుగాల పూలు తెంపుతాంటె అట్లనే కూలబడ్డదట. దవాఖానకు తెచ్చేలోపే పానం పోయిందట" అంది. నేను సబ్బు చేతులతో అట్లాగే నిలబడిపోయాను. ఆదివారం నాడే కదా హనుమకొండ మార్కెట్లో కనబడింది! వంకాయలు ఏరుకుంటూ, "ఏం బిడ్డా, గింత సన్నబడ్డవు, తింటలెవ్వా?" అని నా చెయ్యి పట్టి చూసింది. మూడు రోజుల్లో మనిషే లేకుండా పోవడమేమిటి? రెండేళ్ల సర్వీసు ఇంకా మిగిలే ఉంది. నర్సునై ఉండి రోజూ చావులు చూసేదాన్ని, ఆ కబురు మాత్రం ఎంతకూ నా తలకెక్కలేదు.

ఆ దెబ్బ బుధవారానిది. దాన్ని మించింది శనివారం తగిలింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా బడిలో చదివిన వాళ్లెవరైనా చదువుతుంటే దయచేసి చివరిదాకా చదవండి. మీరంతా కూడా నాలాగే నవ్వినవాళ్లు.

ఆమె మా బడిలో ఆరు నుంచి పది దాకా తెలుగు చెప్పేది. వాడిన బస్సు టికెట్లు పారెయ్యదు. వాటి వెనక మాటలు రాసుకునేది. పాలకుర్తి నుంచి వచ్చిన కూరగాయలామె ఏదో కొత్త మాట అంటే బేరం ఆపి, "ఆగవ్వా, మళ్లొకసారి అను" అని రాసుకునేది. తాళాలు వేసుకునే పర్సు నిండా ఆ టికెట్లే. తెలియని మాట వస్తే మేము తోచింది చెప్పేవాళ్లం. ఆమెకు అది గిట్టదు. "తెల్వకపోతే తెల్వదని చెప్పు. తెలిసింది దాచుకోకు, తెల్వనిది అల్లకు" అనేది. పరీక్ష పేపర్లో ఒక్క మార్కు పొరపాటున ఎక్కువ వేస్తే పిల్లను ఇంటి నుంచి పిలిపించి మరీ ఆ మార్కు కొట్టేసేది. అంత పట్టింపు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, డెబ్బైల్లో, హనుమకొండలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్, అప్పడాలు, మోటార్ సైకిల్ బావి అన్నీ ఒక ఎత్తు, మాటల మిషన్ ఒక ఎత్తు. బీరువా అంత చెక్క పెట్టె, ముందు అద్దం. టికెట్ కొని నిలబడితే లోపల బల్బు వెలిగి అద్దంలో ఒక మాట కనబడేది. దాని కింద మూడు అర్థాలు, మూడు మీటలు. సరైన మీట నొక్కితే గంట మోగుతుంది, తప్పు నొక్కితే గాడిద ఓండ్రపెట్టినట్టు ఒక చప్పుడు. వరసగా పది గెలిస్తే కాలితో తొక్కే కుట్టు మిషన్ బహుమతి. అది పసుపు కుంకుమలు పెట్టుకుని పక్కనే కూర్చుని ఉండేది.

అప్పటికి మా నాయన పోయి ఏడాది. అమ్మ కిరాయి మిషన్ మీద జాకెట్లు కుట్టేది. దాని ఓనరు దాన్ని తీసుకుపోయాడు. "ఇగ సదువు చాలు. బీడీలు చేస్తే ఇద్దరం బతుకుతం" అంది అమ్మ. నేను బడికి వెళ్లేది ఇంకెన్నాళ్లో లెక్కబెట్టుకుంటున్నాను.

అట్లాంటి రోజుల్లో టీచరమ్మ ఆ మిషన్ ముందు నిలబడింది. ఊరంతా పోగయింది. తెలుగు టీచరు కదా, ఇక మిషన్ పని అయిపోయినట్టే అనుకున్నాం. అద్దంలో 'దివిటీ' అని పడింది. కింద కాగడా, గొడుగు, తాళం. ఆమె గొడుగు మీట నొక్కింది! గాడిద అరిచింది. జనం ఒక్క క్షణం నోళ్లు తెరిచి, తర్వాత పడీ పడీ నవ్వారు. మరునాడూ వచ్చింది, ఓడింది. ఆ మరునాడూ అంతే. వారం రోజులు రోజూ వచ్చి, చంటిపిల్లలకు తెలిసిన మాటలకు కూడా తప్పు మీట నొక్కింది. "పేరుకే పంతులమ్మ" అని ఒక పెద్దమనిషి ఆమెకు వినబడేట్టే అన్నాడు. బడిలో మేము ఆమెకు 'గొడుగు టీచర్' అని పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది నేనే.

ఎగ్జిబిషన్ ఎత్తేసే ముందు రోజు ఆమె వరసగా పది గెలిచింది. గుడ్డివాడు విసిరిన రాయి తగిలినట్టు తగిలిందన్నారు అంతా. "నాకు కుట్టరాదు, నేనేం చేసుకోను" అని ఆ మిషన్‌ను రిక్షాలో వేయించి మా అమ్మకు ఇచ్చేసింది. నా చదువు నిలిచింది. ఆ ఏడాదే పదో తరగతి తెలుగు ఆమె దగ్గర్నుంచి తీసేశారు. పిల్లల తల్లిదండ్రులు పోయి అడిగారట, దివిటీ తెలియని టీచరు పదికి ఎట్లా చెబుతుందని. ఆమె కిమ్మనకుండా ఆరో తరగతికి వెళ్లిపోయింది.

శనివారం బడిలో సంతాప సభ పెట్టారు. పాత విద్యార్థుల తరఫున నన్ను మాట్లాడమన్నారు. మా కుటుంబానికి ఆమె చేసిన మేలు చెప్పాను. చెప్పి, "టీచరమ్మకు పాండిత్యం అంతంత మాత్రమే కావచ్చు, మనసు మాత్రం బంగారం" అన్నాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న మా అమ్మ లేచి, కొంగు సర్దుకుని, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది.

"ఏమన్నవే అండ్ల? అంతంత మాత్రమా? నీకు నోరెట్లొచ్చింది?"

"ఉన్నదే అన్న కదనే. ఊరంత చూసింది."

"ఊరు చూసింది. ఎవ్వలకు ఏం కనబడ్డది?" అని అమ్మ నా చెయ్యి గుంజి పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పుడు చెప్పింది. ఆ పెట్టె తనంతట తాను ఆడేది కాదు. వెనక తెర చాటున ఒకడు కూర్చునేవాడు. మాటలు రాసిన కాగితం చుట్టలు వాడి దగ్గర రెండు రకాలు. వచ్చిన మనిషిని కంత లోంచి చూసి చుట్ట ఎక్కించేవాడు. నిన్న బాగా ఆడిన వాడొస్తే, మొదట ఒకటి రెండు తేలిక మాటలు, ఆ తర్వాత నిఘంటువుల్లో కూడా దొరకని మాటలు ఉన్న చుట్ట. రోజూ ఓడేవాడొస్తే ఆవు, చెట్టు లాంటి మాటల చుట్ట, రెండుసార్లు గంట మోగితే సంబరపడి మళ్లీ వస్తాడని. ఒకసారి ఎక్కించాక ఆట మధ్యలో మార్చడం కుదరదు. టీచరమ్మ రెండు సాయంత్రాలు ఎదురుగా బెంచీ మీద పల్లీలు తింటూ కూర్చుని, ఎవరికి ఏ మాట పడుతుందో బస్సు టికెట్ల మీద రాసుకుని ఇది కనిపెట్టింది. నేరుగా మా ఇంటికొచ్చింది.

"'బిడ్డను బళ్లెనుంచి తియ్యకు, పది రోజులు ఆగు, ఆ కుట్టు మిషిను నీ ఇంటికి తెస్త' అన్నది," అంది అమ్మ. "తెలుగు టీచరని వానికి ఎరుకే గద. మొదటి నాడే కష్టం చుట్ట ఎక్కిస్తడు. అందుకే ఓడాలె. వాడు నమ్మేదాక ఓడాలె. మొదటి నాడు చెయ్యి పోలేదట తప్పు మీట మీదికి. ఆడకుంటనే తిరిగొచ్చింది. గీ గడపల్నే కూసోని ఏడ్సింది, తెలిసి తెలిసి తప్పు చెప్పుడు నాతోని కాదు అని. తెల్లారి పోయి నొక్కింది."

"ఇన్నేండ్లు చెప్పకపోతివే అమ్మా!" అని అరిచాను.

"ఒట్టు పెట్టించుకున్నది. 'నేను అబద్ధమాడి గెలిచిన అక్కా, పిల్లకు తెలిస్తే రేపు నా మాట ఎట్ల ఇంటది' అన్నది. పదో క్లాసు గుంజుకున్ననాడు నేను కొట్లాడతా అన్న. 'వద్దు, తప్పు చేసిన, శిక్ష పడ్డది, సరిపాయె' అన్నది. ఇయ్యాల నీ నోటెంట ఆ మాట ఇన్నంక నాతోని ఆగలేదు."

అయ్యో, నేనేం మాట్లాడాను! చనిపోయిన మనిషి ఫొటో ముందు, మైకులో, దండ పక్కన నిలబడి! నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. సభకు వచ్చిన వాళ్లందరి ఇళ్లకూ వెళ్లి చెప్పలేను గనక ఇక్కడ చెబుతున్నాను. మా టీచరమ్మకు రాని మాట లేదు.

ఇంకొకటి ఉంది, అది మా అమ్మకు కూడా చెప్పలేదు. ఆమె మొదటిసారి ఓడిన మరునాడు, క్లాసులో నేను లేచి నిలబడి, "టీచర్, దివిటీ అంటే ఏంది?" అని అడిగాను. అనుమానం వచ్చి కాదు, వెనక బెంచీని నవ్వించడానికి. ఆట ఇంకా సాగుతోంది. ఒక్క పిల్లకు తెలిసినా ఊరికి తెలిసిపోతుంది. ఆమె నా వైపు కాసేపు చూసింది.

"యాదికొస్తలేదు బిడ్డా. నీకు తెలిస్తే చెప్పు" అంది.

"కాగడా, టీచర్!" అన్నాను, గట్టిగా. క్లాసంతా గొల్లుమంది. నవ్వులు ఆగేదాకా ఆమె నిలబడింది. తర్వాత బోర్డు వైపు తిరిగి నేను చెప్పిన అర్థాన్ని గుండ్రంగా రాసింది. "మంచిగ చెప్పినవ్. కూసో. అందరు రాసుకోండ్రి" అంది. అందరం తలలు వంచి రాసుకున్నాం. నవ్వు ఆపుకోలేక నా అక్షరాలు వంకరపోయాయి.