తోసే పంపు, అందించే పంపు

మీకంటే తక్కువ చదివిన మనిషి మీకంటే సరైన మాట చెప్పినప్పుడు, మీరు ఆ మాటను ఒప్పుకున్నారా, ఓడించారా? తొందరపడి జవాబు చెప్పకండి. ముఖ్యంగా నా వయసు వాళ్ళు, సభలకు తిరిగి, కరపత్రాలు పంచి, దిష్టి లేదు దెయ్యం లేదు అని మైకు ముందు గొంతు చించుకున్న వాళ్ళు, కాస్త ఆలోచించి చెప్పండి. నేనైతే ఓడించాను.

పోయిన వారం కారిమంగళం దగ్గర మా తమ్ముడి మెకానిక్ షెడ్డుకు వెళ్ళాను. మహేంద్రమంగళం నుంచి ఒక రైతు తన పాత డీజిల్ లారీ తెచ్చి, ట్యాంకు నుంచి డీజిల్ లాగడానికి దానికి ఏ ఎలక్ట్రిక్ పంపు వేయించాలో తెలియక, ఫోన్లో ముప్ఫై రకాల బొమ్మలు చూపిస్తున్నాడు. తమ్ముడు ఫోన్ వైపు చూడనేలేదు. బ్యాటరీలు ఎన్ని, ట్యాంకు ఎంత దూరం, ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్షన్ పంపు ఏ రకం అని మూడు ప్రశ్నలు అడిగి, బండి కిందికి దూరి చూసి వచ్చి, వాటిలో అన్నిటికంటే మెత్తగా పనిచేసేది కొనుక్కోమన్నాడు. ఆ రైతు చేతులు కట్టుకుని విన్నాడు. నలభై ఏళ్ళు మా అరవ సీమ ధర్మపురి జిల్లాలో ఊరూరా మాట్లాడాను, నన్ను ఎవరూ చేతులు కట్టుకుని వినలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, స్టూలు మీద కూర్చుని, కడుపులో అదే పాత మంట మళ్ళీ అంటుకోవడం నాకు స్పష్టంగా తెలిసింది.

ఆ మంట చిన్నప్పటిది. మా నాయనకు పెరియంపట్టిలో రెండెకరాల చేను, ఒక లారీ ఉండేవి. చేను పేరుకే, ఆయన ప్రాణమంతా లారీ. తమ్ముడు ఎనిమిదో తరగతితో బడి మానేసి ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు, నేను కాలేజీకి పోయి తర్కం నేర్చుకున్నాను. బండి శబ్దం మారితే నాయన తమ్ముడి ముఖం చూసేవాడు తప్ప నా ముఖం ఎన్నడూ చూడలేదు. పని ముగిశాక వాడి వీపు మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి నా వీపు మీద పడిన జ్ఞాపకం నాకు లేదు. హరూరులో వక్తృత్వ పోటీలో నేను గెలిచిన కప్పును, ఇంట్లో ఇంకే గిన్నె దొరకనట్టు, బోల్టులు కిరసనాయిల్లో నానబెట్టడానికి వాడుకున్నాడు. దేవుణ్ణి నమ్మకుండా బతకడం నాకు తేలికగానే వచ్చింది కానీ, తమ్ముణ్ణి చూసి కుళ్ళుకోకుండా బతకడం మాత్రం ఏ పుస్తకమూ నేర్పలేదు.

నేను చెప్పబోయేది మేమిద్దరం నడివయసుకు వచ్చిన నాటి సంగతి. బండికీ వయసైంది. సేలంలో మామిడి దించి, తవుడు మూటలతో తిరిగి వస్తుంటే తొప్పూరు కనుమ ఎక్కుడులో ఇంజిన్ ఆగిపోయేది. దిగి, చేత్తో పంపు కొట్టి, గాలి తీసి, మళ్ళీ స్టార్ట్ చేయాల్సి వచ్చేది. మా అమ్మ దిష్టి అంది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, బంపరుకు మిరపకాయల దండ వేలాడింది. నేను దండ పీకి పారేసి, వీధి అరుగు మీద నిలబడి ఉపన్యాసమే ఇచ్చాను. ట్యాంకు నుంచి డీజిల్ లాగే పాత ఫీడ్ పంపు అరిగిపోయింది, గాలి చొరబడుతోంది, ఎలక్ట్రిక్ పంపు వేస్తే సరిపోతుంది అన్నాను. అది నిజమే. ఇంకోసారి తొప్పూరులో ఆగితే బండి అమ్మేస్తానని నాయన అప్పటికే అనేశాడు. కాబట్టి ఆ పంపు సరిగా ఎంచుకోవడం మీదే ఆ బండి బతుకు, దాన్ని నమ్ముకున్న నాయన బతుకు ఆధారపడి ఉన్నాయి.

నాయన, తమ్ముడు, నేను ముగ్గురం ధర్మపురిలో విడిభాగాల అంగడికి వెళ్ళాం. అక్కడ మా బండి బ్యాటరీలకు సరిపోయేవి రెండు పంపులు ఉన్నాయి. ఒకటి చిన్నది, మెల్లగా పారించేది. రెండోది కొత్త రకం బండ్లకు వేసేది, చాలా జోరుగా తోసేది. మా వైపు ఒత్తిడిని అళుత్తం అనే అంటాం. తమ్ముడు చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా అన్నాడు.

“మన బండిలో అళుత్తం పుట్టించేదానికి ఇంజెక్షన్ పంపు ఉండనే ఉంది అన్నా. తోసేది వద్దు, అందించేది చాలు.”

నాయన తల ఊపాడు. ఆ తల ఊపడమే నన్ను కాల్చింది. వాడు చెప్పింది సరిగానే ఉందని నాకు ఆ క్షణమే తోచింది. అయినా వాదన మొదలుపెట్టాను. ఎక్కుడులో బరువు ఎక్కువ, కాబట్టి డీజిల్ ఎక్కువ కావాలి, కాబట్టి బలం ఎక్కువ కావాలి అన్నాను. నీ మాటకు రుజువేమిటి, ఏ పుస్తకంలో ఉంది అని నిలదీశాను. వాడి రుజువంతా వేళ్ళలోనూ చెవిలోనూ ఉంది, దాన్ని వాడు అంగట్లో ఎలా చూపిస్తాడు? చిన్న పంపును తిరిగి బల్ల మీద పెట్టేశాడు. అంగడివాళ్ళ ముందు నేను గెలిచాను. “పెద్దోడు చదివినోడు, వాడు చెప్పినట్లే చేస్తాం” అన్నాడు నాయన. నా జీవితంలో ఆయన నన్ను ఎంచుకున్నది ఆ ఒక్కసారే.

రెండు వారాలు బండి గుర్రంలా ఎక్కింది. నేను కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. మూడో వారం ఒక ఉదయం తమ్ముడు ఆయిల్ గేజి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పోయకుండానే ఆయిల్ గీత దాటి పైకి వచ్చింది, నీళ్ళలా పల్చబడింది, డీజిల్ వాసన కొట్టింది. కొత్త పంపు జోరుకు ఇంజెక్షన్ పంపు లోపలి సీలు తట్టుకోలేక డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తోందని, దాన్ని ఆరోజే విప్పేసి ఆయిల్ మార్చాలని వాడన్నాడు. విప్పితే ఏమవుతుంది? చివరికి చిన్నోడి మాటే నిలిచిందని నాయన అంటాడు. నువ్వే ఎక్కువ పోసుంటావు, ఈ ట్రిప్పు పోయి వచ్చినాక చూద్దాం అన్నాను. పెద్దోడు చెప్పినట్లే అన్న నాయన మాట దాటలేక, వాడు గేజి గుడ్డతో తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ ట్రిప్పులోనే, పట్టపగలు, తొప్పూరు ఎక్కుడు మధ్యలో ఇంజిన్ పట్టేసింది. నాయన కేబిన్లోనే ఉన్నాడు. మనుషులకు ఏమీ కాలేదు. బండిని తాడు కట్టి పెరియంపట్టికి లాక్కొచ్చారు. పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు కరిగిపోయాయి, ఇక బాగు చేయడం దండగ అన్నారు. ఊరంతా దిష్టి అంది. మా అమ్మ పళ్ళెంలో గుమ్మడికాయ పెట్టి, దాని మీద కర్పూరం వెలిగించుకుని వచ్చింది. ఇలాంటి పళ్ళేలను ఎన్నోసార్లు తోసేసిన నేను, ఆరోజు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాను. దిష్టి అని అందరూ నమ్మితే పంపు సంగతి ఎవరూ అడగరు. నేను జీవితమంతా తిట్టిన మూఢనమ్మకం చాటున నేనే దాక్కున్నాను.

నాయన మాత్రం దిష్టి అనలేదు. తమ్ముడి వైపు తిరిగి, “ఆయిలు చూసుకునేది నీ పని కాదా రా?” అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను నేల మీద పగిలిన గుమ్మడికాయ ముక్కలు చూశాను.

బండిని ఇనుము కింద అమ్మేశారు. నాయన ఆ తరువాత ఏ బండీ ఎక్కలేదు. తమ్ముడి వీపు మీద చెయ్యి వేయడం కూడా నేను మళ్ళీ చూడలేదు. నేను ఏళ్ళ తరబడి కోరుకున్నది అదే కదా, దొరికింది. కొన్నేళ్ళకు ఆయన పోయాడు. చిన్నోడి అజాగ్రత్త వల్లే బండి పోయిందని నమ్ముతూ పోయాడు.

మా తాత నాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు, తమ్ముడికి రావు, వాడు చదివేది అరవమే. అందుకే దీన్ని తెలుగులో రాయడానికి నాకు ధైర్యం వచ్చింది. సగం రాశాక, ఇది కూడా దాక్కోవడమేనని అర్థమైంది. నిన్న మధ్యాహ్నం ఈ కాగితాలు పట్టుకుపోయి షెడ్డులో వాడికి అప్పటిదాకా రాసిందంతా చదివి వినిపించాను. వాడు చేతుల గ్రీజు పాత బట్టతో తుడుచుకుంటూ విన్నాడు.

“ఇదంతా నాకు తెలిసిందే కదన్నా. నాకు చెప్పి ఏం చేసేది? నాయనకు ఒక మాట చెప్పింటే చాలు.” అంతే అని, ఆగి ఉన్న బండి దగ్గరికి వెళ్ళాడు.

ఇప్పుడు ఏ పంపు ఎంత ఒత్తిడి పెడుతుందో డబ్బా మీద అంకెల్లో ఉంటుంది. అంగట్లో నిలబడి ఒక మనిషి చేతిని నమ్మాలా వద్దా అని తేల్చుకోవలసిన అవసరం, ఆ మహేంద్రమంగళం రైతులాంటి వాళ్ళకు తప్ప, ఎవరికీ లేదు. అన్నదమ్ముల్లో ఎవరి మాట నిలవాలో చెప్పే పెద్దలూ ఇప్పుడు మా ఇంట్లో లేరు. వాదనలు తగ్గాయి, మంచిదే. కానీ నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క నిజాన్ని వినవలసిన చెవి ఈ జిల్లాలో ఎక్కడా లేదు.

మీ సంగతి నాకు తెలియదు. మీరు నోరు మూసుకోవడం వల్ల ఒకరి మీద పడిన నింద ఏదైనా ఉంటే, దాన్ని నమ్ముతున్న మనిషి ఇంకా ఊపిరితో ఉంటే, ఈ కాగితం కింద పెట్టి లేవండి. వెళ్ళి చెప్పండి. రేపు కాదు, ఇప్పుడే.