మేనత్త మేడ మీద వంద చుట్లు

ఈ ఉదయం కొండాపూర్‌లో మా తొమ్మిదో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఆవిరి ఇంజను నట్టు ఒకటి బిగిస్తుంటే, అది పటకారు కొస నుంచి జారి, నేల మీద రెండుసార్లు గెంతి, కటకటాల సందులోంచి కిందికి వెళ్ళిపోయింది. బియ్యపు గింజంత నట్టు. దానితో కలిపి ఈ ఇంజను వల్ల ఇప్పటిదాకా పోయినవి: నట్లు పన్నెండు, రబ్బరు రింగులు ఏడు, నీటిమట్టం చూపే గాజు గొట్టాలు రెండు, నా కళ్ళజోడు ఒకటి, మా ఆవిడ మంచి తువ్వాలు ఒకటి, నా ఎడమ బొటనవేలి మీద అర అంగుళం చర్మం, పన్నెండు మీటర్ల పట్టాలు, అవి పరిచిన మేడ. నేను ఆఫీసు భవనాల్లో జనరేటర్ల డీజిలూ, నీటి ట్యాంకర్లూ లెక్క రాసే మనిషిని. బడి పదో తరగతితోనే ఆగినా, లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే అబ్బింది. పోయినవాటిని కూడా వరసగా లెక్కపెట్టుకుంటే గాని నాకు మనసు కుదుటపడదు.

ఇంజను మా మామ చేసింది. మామంటే మేనత్త భర్త, లేతు పనివాడు. మూరెడు పొడవు, రాగి బాయిలరు, కింద చిన్న గ్యాస్ మంట. నీళ్ళు మరిగి, నిజం ఆవిరితోనే నడుస్తుంది. నల్లగండ్లలో వాళ్ళ అపార్టుమెంటు మేడ మీద గుండ్రంగా పట్టాలు పరిచి తిప్పేవాడు. ఒక్కసారి పోసిన నీళ్ళతో, ఆగకుండా వంద చుట్లు తిప్పాలని ఆయన పంతం. అరవై ఆరు చుట్లు ఎప్పుడూ దాటలేదు. ఆయన పోయాక ఇంజను అత్తయ్య చేతికి వచ్చింది. ముప్పై ఏళ్ళు దవాఖానలో నర్సుగా చేసిన మనిషి. కత్తులూ కత్తెరలూ ఆవిరి పెట్టెలో ఉడికించిన చేతులు. ఆవిరికి ఎంత మర్యాద ఇవ్వాలో ఆమెకు తెలుసు. సూది తీసేసిన సిరంజితో బాయిలరులోకి నీళ్ళు కొలిచి ఎక్కించేది, ఆట అయ్యాక మిగిలినవి మళ్ళీ సిరంజితోనే లాగి, రోగులకు రాసినట్టే ‘లోపలికి ఇంత, బయటికి ఇంత’ అని చార్టు రాసేది. బోరునీళ్ళు పోస్తే లోపల తెల్లటి పొలుసు కడుతుంది కాబట్టి, మా ఆఫీసు ఏసీల నుంచి కారే నీటిని అడిగి పట్టుకుని డబ్బాతో నేనే మోసుకెళ్ళేవాణ్ణి. వేడి రాగి, కాలిన నూనె కలిసిన వాసన ఆమె కొంగుకు రోజంతా ఉండేది. ఆమె సూత్రం ఒక్కటే: “గ్యాస్ ముందల అయిపోవాలె, నీళ్ళు తర్వాత. ఉల్టా అయితే బాయిలర్ ఖతం.” అందుకే గ్యాస్ ఇరవై నిమిషాలు మండేదానికి మించి నింపేది కాదు.

నాలుగేళ్ళ కిందట మేడ మీద సోలార్ పలకలు పెట్టాలని అపార్టుమెంటువాళ్ళు తీర్మానించారు. సోమవారం పని మొదలు. ఆదివారం ఒక్కటే మిగిలింది. మామ వంద ఇక అయితే ఆ రోజే కావాలి.

“అత్తా, గ్యాస్ ఫుల్లు పట్టిద్దాం,” అన్నాను నోటుబుక్కు తెరిచి. “చుట్టుకు పద్దెనిమిది సెకండ్లు. వందకు ముప్పై నిమిషాలు. నిమిషానికి ఎనిమిది మిల్లీల నీళ్ళు పోయినా రెండొందల నలభై. మనం పోసేది రెండొందల డెబ్బై. ఇంకా ముప్పై మిగుల్తయి.”

“మంచిగ చూసినవా?”

“పద్నాలుగు సార్ల సగటు అత్తా.”

“సగటు రోగి ఒక్కడు గూడ రాలే బిడ్డా మా వార్డుకు,” అంది. అన్నదే గాని, గ్యాస్ నిండా పట్టింది.

ఎప్పుడూ పొద్దున ఆరింటికి తిప్పేవాళ్ళం. ఆ రోజు ఆమె చర్చి నుంచి వచ్చేసరికి పదకొండున్నర. ఎండకు మేడ పెనంలా ఉంది. ఇంజను బయలుదేరింది. నేను గీతలు గీస్తున్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, దాని పక్కనే నడుస్తోంది. సేఫ్టీ వాల్వు మాటిమాటికీ ఆవిరి చిమ్మింది.

“ఏందిరా గట్ల బుస్సుమంటున్నది?”

“జోరు మీదున్నది అత్తా, ఫికర్ జేయకు!”

అరవై ఏడో చుట్టు దాటినప్పుడు ఆమె నడక ఆపింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. డెబ్బై ఆరో చుట్టు పూర్తవుతుండగా వంగి గాజు గొట్టం చూసి, ఒట్టి చేత్తో గ్యాస్ తిప్పి మంట ఆర్పేసింది.

“అయ్యో, ఎందుకార్పినవ్? ఇంకా ఎనభై ఎనిమిది మిల్లీ ఉండాలె!”

“నీ బుక్కుల ఉన్నయేమో. బాయిలర్ల లేవు.”

సిరంజితో లాగి చూస్తే ముప్పై ఒకటి వచ్చాయి. యాభై ఏడు మిల్లీలీటర్లు ఎటు పోయాయో కనిపెట్టడానికి నాకు రాత్రంతా పట్టింది. నా పద్నాలుగు ఆటలూ చల్లటి పొద్దుటివి. ఎండకు గ్యాస్ టాంకు వేడెక్కి మంట రెచ్చిపోయింది. ఎక్కువైన ఆవిరి చక్రాలు తిప్పకుండానే వాల్వులోంచి పోయింది. ఆ బుస్సు వింటూ కూడా నేను లెక్కలో వేయలేదు. ఇంకో పది చుట్లు తిరిగి ఉంటే మామ బాయిలరు మిగిలేది కాదు. ఆమె మాత్రం ఆ మధ్యాహ్నం మేడ మీద తిట్టలేదు. ఎర్రబడ్డ వేళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ, “డెబ్బై ఆరు మీ మామవి. ఇరవై నాలుగు నువ్వు బాకీ పడ్డవు,” అని తేల్చేసింది.

మర్నాడు పలకలు వచ్చాయి. తొందరలో ఊడదీస్తే పట్టాలు వంకరలు పోయాయి. పన్నెండు మీటర్ల చుట్టు పరిచే జాగా మళ్ళీ ఎక్కడా దొరకలేదు. అయినా తిప్పకపోతే పిస్టన్లు పట్టేస్తాయి కాబట్టి, నెలకోసారి మా బాల్కనీలో ఇంజనును రోలర్ల మీద నిలబెట్టి, ఉన్నచోటే చక్రాలు తిప్పుతాం. అత్తయ్య వచ్చి చార్టు రాస్తుంది. నెలకు అరవై చుట్ల చొప్పున నలభై ఎనిమిది నెలలకు రెండు వేల ఎనిమిది వందల ఎనభై చుట్లు తిరిగినట్టే కదా అని పోయిన నెల ఆమెను అడిగాను.

“జాగ కదలకుంట తిరిగింది లెక్కల వస్తదారా?” అంది, సిరంజి విదిలిస్తూ.

రాదు. ఏళ్ళు తిరిగినంత మాత్రాన నడవాల్సిన దూరం తగ్గదు. నేను ఇవ్వాల్సింది ఇవాళ్టికీ ఇరవై నాలుగు చుట్లు.