కిష్టవ్వ పత్తెం

నారాయణఖేడ్‌లో ఆ గల్లీకి పొద్దు పొడిచిందంటే కిష్టవ్వ జొన్నరొట్టె కొట్టే చప్పుడు వినపడాల్సిందే. అది పంతొమ్మిది వందల ఎనభై ఆరు. మూడు నెలల కింద పట్నం దవాఖానలో గడ్డ లేచిన కుడి రొమ్ము తీసేశాక ఆ చెయ్యి భుజం దాటి లేవదు. ఇప్పుడు ఎడమచేత్తో కొడుతుంది, చప్పుడు మాత్రం తగ్గనియ్యదు. చదువు రాదు కనుక, ఏం తినాలో దవాఖాన నర్సమ్మ చెప్పిన మాటలను వేళ్ల కణుపుల మీద దాచుకుంది. ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు కణుపు కణుపుకూ నడుస్తుంది: పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, ఆకుకూర. ఆకలి కాకున్నా కొద్దికొద్దిగా, రోజుకు ఆరుసార్లు.

కానీ ఇంట్లో గంటె పెనిమిటి అక్క అమృతమ్మ చేతిలో ఉంది. పప్పు తింటే పుండుకు చీము పడుతుందని, గుడ్డు వేడని, మూడు నెలలుగా ఉప్పులేని పలుచటి గంజే పోస్తోంది. కిష్టవ్వ రవిక భుజాల మీంచి జారుతోంది. నిన్న మూడో రొట్టెకే చెయ్యి పట్టు తప్పి, రొట్టె రెండు తునకలైంది.

ఇయ్యాల కందులు కొట్టిన కూలోళ్లు తిండికి బంతిలో కూర్చున్నారు. అందరికీ పప్పు, ఆమెకు గంజి. కిష్టవ్వ లేచి ఆ గంజిని బర్రె కుడితిలో వంపి వచ్చింది. పప్పు గిన్నె దగ్గరికి లాక్కుని రెండు గంటెలు వేసుకుంది.

"ఏందే కిష్టవ్వా, సస్తవా? నువ్వు తింటే లోపల గడ్డ బలుస్తది!" అమృతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

కిష్టవ్వ చెయ్యి విడిపించుకుని, రొట్టె తుంచి పప్పులో అద్దింది.

"గడ్డను పట్నంల కోసి పారేసిండ్రు వదినె. ఇప్పుడు తినేటిది నేనే."