చంద్రుడి మీదికి వెళ్లిన దేవుడి తోలు

ఇన్నేళ్లుగా ఒక నవ్వు నా గుండెల మీద రాయిలా కూర్చుంది. నవ్వుకు బరువుంటుందా? ఉంటుంది. మీకొక్కరికే చెబుతున్నాను.

చంద్రుడి మీద మనిషి కాలు పెడతాడని ఊరూరా చెప్పుకుంటున్న రోజులవి. మాది తోలుబొమ్మలాట. దీపం నుంచి తెరకు దూరం లెక్కకట్టి, నీడ ఎంత పెరగాలో చూసుకోవడం నా పని. ఆ లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. బృందానికి పెద్ద మా మేనమామ. అరసవల్లిలో మా పందిరి పక్కనే టూరింగు సినిమా డేరా వేశారు. మా ముందు చాపలు ఖాళీ. ఇలాగే సాగితే బొమ్మల పెట్టె అమ్మేస్తానన్నాడు మామ.

అప్పుడే నాకు తోచింది. సినిమా హీరోనే చంద్రుడి మీదికి పంపితే? అక్కడ మన బరువు ఆరో వంతేనని ఎక్కడో చదివాను. కానీ కొత్త బొమ్మకు తోలు లేదు.

అరిగిపోయిన దేవుడి బొమ్మను మేము పారెయ్యం. దండం పెట్టి ఏట్లో కలుపుతాం. ఆ వారమే ముఖం చిరిగిన ఒక దేవుడి బొమ్మను నా చేతికిచ్చి మామ నాగావళికి పంపాడు. ఏటి దాకా వెళ్లాను. తోలును ఎండకెత్తి చూశాను. ఏళ్ల తరబడి దీపం వేడికి అద్దంలా పలచబడింది. కలపలేదు. నున్నగా దువ్విన క్రాపు, సన్న మీసం, బిగుతు ప్యాంటుతో అందులోంచి హీరోను కోశాను. చంక దగ్గర దేవుడి ఒంటి నీలం కాస్త మాత్రం ఎంత గీకినా పోలేదు.

మామ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"ఏటిరా అల్లుడా, ఇంత పల్సగా ఉన్నాది? తోలెక్కడిది?"

"పాతపట్నం సంతలో కొన్నాను మావా."

నా గొంతు కాస్తయినా తడబడలేదు.

ఆ రాత్రి ఆటలో హీరో విలన్‌ను తన్నబోయి పైకి తేలిపోయాడు. దిగడే! డ్యూయెట్‌కు చెట్టు దొరకలేదు. "సెట్టు నేదే, దేని సుట్టూ తిరగాల?" అని హీరో అడిగితే, "నా సుట్టూ తిరుగు, సచ్చినోడా!" అంది హీరోయిన్, మా మామ గొంతుతో. డేరాలో సినిమా చూస్తున్నవాళ్లు కూడా లేచి వచ్చేశారు. ముసలమ్మలు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. మామ పెట్టె అమ్మలేదు.

ఆటకు ముందు దేవుడి బొమ్మల్ని మాత్రమే కళ్లకద్దుకునే మనిషి, మర్నాటి నుంచి ఆ హీరోను కూడా అద్దుకునేవాడు. బొటనవేలు సరిగ్గా ఆ నీలం మీదే ఉండేది. తెలిసే చేశాడా? లేక అన్నం పెట్టిన బొమ్మ అనా? ఎన్నో లెక్కలు కట్టిన నాకు ఈ ఒక్కటీ తేలలేదు. అడిగే ధైర్యం నాకు రాకముందే ఆయన పోయాడు.

మామకు అబద్ధం చెప్పాను. దేవుడి బొమ్మను ఏట్లో కలపలేదు. తప్పే. అయినా ఇది రాస్తుంటే, దిగడం చేతకాని ఆ హీరో గుర్తొచ్చి మళ్లీ నవ్వొస్తోంది. ఈసారి ఆ నవ్వు బరువు ఆరో వంతే ఉంది.